వత్తులు రాలిన శుభలేఖ

రాయ్‌పూర్ డిజైన్ షాపుల్లో తెలుగు అక్షరం ఫొటోషాప్ తెర మీదే ముక్కలవుతోంది. విరుగుడు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. లోపాన్ని గుర్తుపట్టే కన్ను మాత్రం దొరకడం లేదు.

లక్ష్మి అన్న పేరు కంప్యూటర్‌కు ఏడు ముక్కలు. ల, క, పొల్లు, ష, మళ్లీ పొల్లు, మ, చివర గుడి. కాగితం మీదికి రావాల్సింది మాత్రం రెండే అక్షరాలు: ఒక ల, దాని పక్కన మవత్తు వేలాడే క్ష్మి. ఏడు రెండుగా మారే ఈ పని తెర వెనక రెప్పపాటులో జరిగిపోతుంది కాబట్టి దాని గురించి ఎవరూ ఆలోచించరు. జరగనప్పుడే తంటా. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు చేసిపెట్టే చిన్న షాపులో, పాత ఫొటోషాప్‌లోకి తెలుగు మేటర్ తెచ్చి పేస్ట్ చేస్తే ఆ పని జరగదు. ల పక్కన పొల్లుతో క్, ఆ పక్కన పొల్లుతో ష్, ఆ తర్వాత మ, ఎవరికీ చెందనట్టు దూరంగా ఒక గుడి. పెళ్లికూతురి పేరు ‘లక్‌ష్‌మి’ అయి కూర్చుంటుంది.

మౌస్ పట్టుకున్న ఆపరేటర్‌కు ఇందులో తప్పేమీ కనిపించదు. అతను చదువుకున్నది హిందీ. తెలుగు రాని వ్యక్తికి లక్ష్మి అయినా లక్‌ష్‌మి అయినా కొన్ని గుండ్రటి గీతలే. ఒడియా బోర్డులో అక్షరం విరిగితే మనలో ఎందరు గుర్తుపడతారు? అతని పరిస్థితీ అంతే. మేటర్ ఇచ్చిన ఇంటివారు ప్రూఫ్ చూసి ఓకే అంటే కార్డు ప్రెస్సుకు వెళ్లిపోతుంది. వారు కూడా తెలుగు చదవలేనివారైతే, పొరపాటు బయటపడేది శుభలేఖ శ్రీకాకుళం చేరాకే.

ఇది ఊహకు అందని పరిస్థితేమీ కాదు. రాయ్‌పూర్ తెలుగువాళ్లలో చాలామంది ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారి సంతతి. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది. పని వెతుక్కునే వారికి అదే దారి చూపింది. రైల్వేలోనూ, ఆ తర్వాత 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన పొరుగున ఉన్న భిలాయ్ ఉక్కు కర్మాగారంలోనూ ఉద్యోగాలు దొరికాయి. వచ్చినవారు ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఉద్యోగంలో ఇంగ్లిష్. మూడో తరానికి వచ్చేసరికి తెలుగు మాటగా మిగిలింది కానీ రాతగా మిగల్లేదు. అమ్మమ్మతో తడుముకోకుండా మాట్లాడే కుర్రాడే తెలుగు శుభలేఖ చేతికిస్తే తిరగేసి హిందీ వైపు చూస్తాడు. రెండు భాషల్లో కార్డు వేయించే అలవాటు అలా వచ్చిందే. ఒక వైపు హిందీ, మరో వైపు తెలుగు. ఊరికి పంపేవాటి కోసం, పెద్దల తృప్తి కోసం, అంతకు మించి గౌరవం కోసం ఆ తెలుగు వైపు ఉండాలి. విరిగిన అక్షరం ఆ గౌరవం మీదే వచ్చి పడుతోంది.

తప్పు ఎక్కడుంది? అచ్చులు, హల్లులు, గుణింతాల గుర్తులకు ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇచ్చిన యూనికోడ్ ప్రమాణంలో 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ తెలుగు ఉంది. అయితే వత్తులకు అందులో విడిగా నంబర్లు లేవు. హల్లు, పొల్లు, మరో హల్లు వరసగా వస్తే రెండో హల్లును వత్తుగా మార్చి మొదటిదాని కింద పెట్టాలని తెర మీద అక్షరాలు గీసే ప్రోగ్రామే అర్థం చేసుకోవాలి. దేవనాగరికీ ఇదే పద్ధతి. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి అనే తెలుగు ఫాంట్‌తో పాటు ఈ కూర్పు పని చేసే ఏర్పాటు కూడా వచ్చింది. ఆ తర్వాత నోట్‌ప్యాడ్‌లో తెలుగు చక్కగా కనిపించడం మొదలైంది.

ఫొటోషాప్ మాత్రం విండోస్ మీద ఆధారపడదు. అక్షరాలు పేర్చే యంత్రాంగం దానికి సొంతంగా ఉంది. థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ 1990లో మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని లోకం ఫొటోలే. అక్షరాల అవసరం పెరిగాక ఇంగ్లిష్ లాంటి లిపులకు ఒక పద్ధతి, చైనా, జపాన్ లిపులకు మరొకటి అమిరాయి. ఒకదాని నెత్తిన ఒకటి, కింద ఒకటి, ముందొకటి, వెనకొకటి ఎక్కే మన లిపులు ఆ రెండింటిలో ఎందులోనూ ఇమడవు. అందుకే ఒకే కంప్యూటర్‌లో, ఒకే ఫాంట్‌లో, ఒకే పేరు నోట్‌ప్యాడ్‌లో సరిగ్గానూ ఫొటోషాప్‌లో ముక్కలుగానూ కనిపించే వింత. వైరస్ అనుకుని కంప్యూటర్ ఫార్మాట్ చేయించినా, ఫాంట్ తీసేసి మళ్లీ వేసినా ఫలితం ఉండదు. రోగం అక్కడ లేదు.

హిందీకి ఈ బాధ లేదనుకుంటే పొరపాటు. దేవనాగరిలో హ్రస్వ ఇకారం గుర్తు పలికేటప్పుడు అక్షరం తర్వాత, రాసేటప్పుడు అక్షరం ముందు వస్తుంది. కూర్పు తెలియని ఫొటోషాప్ దాన్ని పలికిన వరసలోనే పెట్టేస్తుంది. రాయ్‌పూర్ పేరులో ఇకారం లేదు కాబట్టి ఊరి పేరు క్షేమం. పొరుగున ఉన్న భిలాయ్, బిలాస్‌పూర్ రెండూ ఆ గుర్తుతోనే మొదలవుతాయి కనుక రెండూ మొదటి అక్షరంలోనే దెబ్బతింటాయి. రాష్ట్రం పేరుకూ తిప్పలే. ఛత్తీస్‌గఢ్‌లో రెండు తకారాలు కలవాల్సిన చోట మధ్యలో పొల్లు తేలుతుంది.

అయినా రాయ్‌పూర్ కూడళ్లలో విరిగిన హిందీ ఫ్లెక్సీలు బారులు తీరలేదంటే రెండు కారణాలు. మొదటిది, హిందీలో తప్పు వస్తే ఊరంతా చదువుతుంది. నేత పుట్టినరోజు ఫ్లెక్సీలో పేరు విరిగితే సాయంత్రానికల్లా ఫోను వస్తుంది. రెండోది కృతిదేవ్. ఈ ఫాంట్ చేసే పని ఒక రకంగా మారువేషం. కంప్యూటర్‌కు తెలిసినంత వరకు అది ఇంగ్లిష్. భారత్ అన్న హిందీ మాటను కృతిదేవ్‌లో హెచ్, కె, కె, జె, ఆర్ అన్న ఇంగ్లిష్ అక్షరాలుగా కొడతారు. ఆ అక్షరాల ముఖాలకు ఫాంట్ దేవనాగరి ముక్కల బొమ్మలు తొడుగుతుంది. ఇకారం గుర్తును ఆపరేటరే ముందు కొడతాడు, సగం అక్షరాలను అతనే ఎంచుకుంటాడు. కూర్పు పని మనిషి చేతుల్లో అయిపోతుంది కనుక ఫొటోషాప్‌కు తికమక పడే అవకాశమే లేదు. పాత టైప్‌రైటర్ మీద చేయి తిరిగినవారికి ఇది హాయి. తెలుగు నాట అను, శ్రీలిపి ఫాంట్లతో డీటీపీ వారు దశాబ్దాలుగా చేస్తున్నదీ ఇదే.

మారువేషం బయటపడే సందర్భాలూ ఉన్నాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే శుభలేఖ నిండా ఇంగ్లిష్ అక్షరాల చెత్త. వాట్సాప్‌లో వచ్చిన మేటర్ యూనికోడ్‌లో ఉంటుంది కాబట్టి కృతిదేవ్‌లోకి నేరుగా రాదు, మధ్యలో కన్వర్టర్ కావాలి. రాయ్‌పూర్ షాపులో హిందీకి ఈ సరంజామా అంతా సిద్ధంగా ఉంటుంది. తెలుగుకు ఉండదు. నెలకో రెండు నెలలకో వచ్చే ఒక్క తెలుగు కార్డు కోసం అను ఫాంట్లు కొని, దాని కీబోర్డు నేర్చుకునే ఓపిక ఎవరికి? బంధువులు ఫోన్‌లో టైపు చేసి పంపిన యూనికోడ్ మేటర్ నేరుగా ఫొటోషాప్‌లోకి వెళుతుంది. వత్తులు రాలేది అక్కడే.

విరుగుడు లేదా అంటే, ఉంది. చాలాకాలంగా ఉంది. 2012లో వచ్చిన సీఎస్6తో ఇన్‌డిజైన్‌లో తెలుగు సహా భారతీయ లిపుల కూర్పుకు అడోబి చోటిచ్చింది. తర్వాత వచ్చిన ఫొటోషాప్ సీసీ వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అనే ఎంపిక కనిపించేది. మరికొన్ని వెర్షన్లలో దాని పేరు ‘వరల్డ్ రెడీ లేఅవుట్’. తంటా ఎక్కడంటే, మామూలుగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు టిక్కు తూర్పు ఆసియా లిపుల దగ్గర ఉండేది. మందు అలమరలోనే ఉంది, సీసా మీద పేరు చదివినవారు తక్కువ. మధ్యప్రాచ్యం అన్న మాట చూసి అది అరబిక్ వ్యవహారమని వదిలేసినవారే ఎక్కువ. మార్చినా మరో మెలిక ఉంది. ఫొటోషాప్ మూసి మళ్లీ తెరవాలి. అప్పటికే ఉన్న టెక్స్ట్ లేయర్ పాత పద్ధతినే పట్టుకుని వేలాడుతుంది. ఆ లేయర్‌ను ఎంచుకుని పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్‌కు మార్చాలి, లేదా కొత్త ఫైలులో మేటర్ మళ్లీ పేస్ట్ చేయాలి. ఇది తెలియక ‘సెట్టింగ్ మార్చినా పనిచేయలేదు’ అని పాత స్థితికి వెళ్లిపోయినవారున్నారు. 2021 అక్టోబర్‌లో వచ్చిన వెర్షన్‌తో ఈ గొడవంతా తీసేసి అన్ని లిపులకూ ఒకే యంత్రాంగాన్ని అడోబి పెట్టింది. అందులో వత్తులు వాటంతట అవే కుదురుతాయి.

కొత్త వెర్షన్ కొంటే సరిపోతుందన్న మాట చెప్పడం తేలిక. 2013 నుంచి అడోబి కొత్త వెర్షన్లను చందా పద్ధతికే మళ్లించింది. నెలనెలా కట్టాలి. ఫొటో స్టూడియో, జిరాక్సు, లామినేషన్, పెళ్లి కార్డులు ఒకే గదిలో నడిపే షాపుకు అది భారమే. పైగా పాత వెర్షన్ షార్ట్‌కట్‌లు వేళ్లకు అలవాటయ్యాయి, పాత కంప్యూటర్ కొత్త వెర్షన్‌ను మోయలేదు. అందుకే 2002 నాటి 7.0 వెర్షన్ దేశమంతటా చిన్న షాపుల్లో ఏళ్ల తరబడి రాజ్యమేలింది. అందులో ఏ సెట్టింగ్ వెతికినా ఈ ఎంపిక దొరకదు. లేనిది దొరకదు.

అలాంటి చోట అడ్డదారులే గతి. అందరూ పట్టుకునేది స్క్రీన్‌షాట్. ఫోన్‌లోనో నోట్‌ప్యాడ్‌లోనో బాగా కనిపిస్తున్న మేటర్‌ను ఫొటో తీసి డిజైన్‌లో అతికించడం. తెర మీద ముచ్చటగా ఉంటుంది, అచ్చులో అంచులు పాకుతాయి. తెరకు సరిపోయే చుక్కలు కార్డు మీద అంగుళానికి 300 చుక్కల అచ్చుకు చాలవు. అంతకంటే మేలైన దారి ఖర్చు లేనిదే. లిబ్రెఆఫీస్ లాంటి ఉచిత ప్రోగ్రాములో మేటర్ పెట్టి, కావలసిన ఫాంటు, సైజు ఇచ్చి, పీడీఎఫ్‌గా మార్చి, ఆ పీడీఎఫ్‌ను ఫొటోషాప్‌లో 300 రిజల్యూషన్‌తో తెరిస్తే అక్షరం చెక్కుచెదరదు. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో టైపు చేసి అక్షరాలను గీతలుగా మార్చుకోవచ్చు. ఫొటోషాప్‌కు ఉచిత ప్రత్యామ్నాయమైన గింప్ అయితే తెలుగు అక్షరాలను తనంతట తానే సరిగ్గా కూర్చుతుంది. ఫాంట్లకూ కొదవ లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు తొలితరం యూనికోడ్ ఫాంట్లలో పేరున్నవి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, సూరన్న, ధూర్జటి, రామభద్ర వంటివి ఉచితంగానే దొరుకుతాయి. అష్టదిగ్గజాలు రాయ్‌పూర్ పెళ్లి కార్డు మీదికి ఎక్కడానికి పైసా ఖర్చు లేదన్నమాట.

తెర మీద కనిపించే ప్రతి వికారమూ అక్షరాల జబ్బు కాదు. ఏది ఏదో విడదీయడమే సగం వైద్యం. ఫైలును జేపీజీగా సేవ్ చేసి ఫోన్‌లో తెరవండి. అక్కడా అక్షరం విరిగే ఉంటే తప్పు ఫైలులో ఉంది, అచ్చులోకీ వెళుతుంది. ఫోన్‌లో శుభ్రంగా ఉండి కంప్యూటర్ తెర మీదే తేడా కనిపిస్తే తప్పు బొమ్మను చూపించే చోట ఉంది. అచ్చుకు భయం లేదు, ఆపరేటర్ కంటికే ఇబ్బంది. అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు వస్తే అది మరో సంగతి. ఎంచుకున్న ఫాంటులో తెలుగే లేదు.

చూపించే చోట వచ్చే జబ్బుల్లో ముఖ్యమైనది గ్రాఫిక్స్ కార్డుది. 2008 నాటి సీఎస్4 నుంచి తెర మీద బొమ్మ గీసే భారాన్ని ఫొటోషాప్ గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించడం మొదలుపెట్టింది. కార్డు డ్రైవర్ పాతదైనా, సరిపడనిదైనా కాన్వాస్ నల్లబడుతుంది, గళ్లు గళ్లుగా చీలుతుంది, జూమ్ చేస్తే సగం బొమ్మ వెనకబడుతుంది. ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్ దగ్గర ‘యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్’ టిక్కు తీసి, ఫొటోషాప్ మూసి తెరిస్తే నేరస్థుడెవరో తేలుతుంది. తెర బాగుపడితే కార్డు తయారీదారు నుంచి కొత్త డ్రైవర్ తెచ్చుకుని టిక్కు తిరిగి పెట్టాలి. బాగుపడకపోతే ఫొటోషాప్ తెరుచుకునే క్షణంలో కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మీటలు కలిపి నొక్కి సెట్టింగులను మొదటి స్థితికి తేవడం తర్వాతి మెట్టు. దాచుకున్న బ్రష్‌లు, యాక్షన్లు ముందే వేరేచోట భద్రపరచుకోవాలి. రాయ్‌పూర్‌లో దీనికి స్థానిక కారణం కూడా తోడవుతుంది. ఉర్లా, సిల్తరాల స్పాంజ్ ఐరన్ కొలుముల ఊరది. వేసవి ఎండలూ తక్కువేం కావు. కేబినెట్‌లో ధూళి పేరుకుని ఫ్యాను మూగబోతే కార్డు వేడెక్కి తెర మీద చారలు గీస్తుంది. అప్పుడు కావాల్సింది సాఫ్ట్‌వేర్ నిపుణుడు కాదు, బ్లోయర్.

రంగుది మరో తంటా. శుభలేఖ మూలలకు పసుపు రాయడం మన ఆచారమే. మొత్తం తెల్ల కాగితమే ఫొటోషాప్‌లో పసుపుగా కనిపిస్తుంటే మాత్రం మానిటర్ ప్రొఫైల్ చెడిపోయిందని అర్థం. విండోస్ కలర్ మేనేజ్‌మెంట్‌లో ఆ ప్రొఫైల్ తీసి ఎస్ఆర్‌జీబీ పెడితే తెలుపు తెలుపవుతుంది. పసుపును చూసి భయపడి ఆపరేటర్ బొమ్మకే నీలం కలిపాడా, అచ్చులో పెళ్లికొడుకు ముఖం పాలిపోతుంది.

చిన్న షాపులను, పాత సాఫ్ట్‌వేర్‌ను చూసి నవ్వుకోవడానికి వీల్లేదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అన్న ఒకే ఒక్క తెలుగు అక్షరం, ఒకానొక సంకేతాల వరసలో పంపితే, ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లలో మెసేజింగ్ యాప్‌లు కుప్పకూలాయి. జ కింద ఞవత్తు పెట్టే కూర్పు దగ్గరే అక్కడా యంత్రాంగం తడబడింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిదిద్దింది. ఖరీదైన ఫోనూ, రాయ్‌పూర్‌లోని పాత కంప్యూటరూ తడబడింది ఒకే చోట. తేడా ఏమిటంటే, ఐఫోన్ కూలిపోయింది కాబట్టి లోకమంతా గగ్గోలు పెట్టింది, రోజుల్లో మందు వచ్చింది. ఫొటోషాప్ కూలిపోలేదు. తప్పుగానైనా ఏదో ఒకటి చూపించింది. కూలిపోని తప్పుకు ఆయుష్షు ఎక్కువ.

రాయ్‌పూర్‌లో ఆ ఆయుష్షును పొడిగిస్తున్నది చదివేవారు లేకపోవడం. హిందీ ఇకారం పక్కకు జరిగితే షాపు గుమ్మం దాటకముందే ఎవరో ఒకరు పట్టుకుంటారు. తెలుగు వత్తుకు ఆ రక్షణ లేదు. ఉగాది ఆహ్వానమైనా, గుడి కల్యాణోత్సవం ఫ్లెక్సీ అయినా, శ్రాద్ధ పత్రిక అయినా అంతే. చెప్పుకోవాల్సిన మరో ఇబ్బంది, పేర్లలోనే వత్తులు ఎక్కువ. కృష్ణ, సత్యం, అప్పన్న, పద్మ, సరస్వతి, విశ్వనాథం. మామూలు మాటల్లో తప్పు వస్తే పాఠకుడు సర్దుకుని చదువుకుంటాడు. పేరులో వస్తే మనిషి మారిపోతాడు.

కొందరు ఇందుకు కనిపెట్టిన ఉపాయం ప్రూఫ్‌ను ఊరికి పంపడం. వాట్సాప్‌లో శ్రీకాకుళంలోనో పార్వతీపురంలోనో ఉన్న పెదనాన్నకో, రిటైరైన మాస్టారికో చేరుతుంది. మంచి పద్ధతే. కానీ షాపు తెరను ఫోన్‌తో ఫొటో తీసి పంపితే అక్షరం విరిగిందో, ఫొటో మసకగా ఉందో ఆయనకు తేలదు. అచ్చుకు వెళ్లే పీడీఎఫ్‌నే పంపాలి. అక్కడ సరిచూసి ఓకే అన్నాక ఇక్కడ టెక్స్ట్ లేయర్‌ను ముట్టుకోకూడదు. ప్రెస్సులో వేరే కంప్యూటర్ మీద, వేరే వెర్షన్‌లో పీఎస్‌డీ ఫైలు తెరిచి, ఒక తేదీ మార్చడానికి ఆ లేయర్ మీద క్లిక్ చేస్తే పాత యంత్రాంగం నిద్రలేచి అప్పటిదాకా బాగున్న వత్తులన్నీ మళ్లీ విడిపోయే ప్రమాదం ఉంది. అందుకే తెలుగు లేయర్లను రాస్టరైజ్ చేసి ఇవ్వడం జాగ్రత్త తెలిసిన డిజైనర్ల అలవాటు.

తెలుగు రాని ఆపరేటర్‌కు కూడా ఒక పరీక్ష నేర్పవచ్చు. కార్డు నెత్తిన ఎప్పుడూ ఉండే వరస ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’. అందులో వత్తు ఉన్న చోట్లు ఐదు: ఒక శ్రీ, మూడు స్తు, ఒక ఘ్న. సరైన అచ్చు ఉన్న పాత శుభలేఖ ఒకటి అతని తెర పక్కన అంటిస్తే చాలు. అక్షరాలు చదవక్కర్లేదు, బొమ్మకు బొమ్మ పోల్చుకుంటే సరి. ఐదు చోట్లా కింద ముక్క వేలాడుతుంటే సెట్టింగ్ సరిగ్గా ఉన్నట్టు. వరస మధ్యలో పొల్లులు తేలుతూ కనిపించాయా, ఒక్క కార్డు కూడా ప్రెస్సుకు పంపకూడదు.